ఆఁ, వస్తున్నా

"మేడమ్, శబ్దం రానప్పుడు కూడా నొక్కుతున్నారు" అన్నాడు వినికిడి పరీక్ష చేసే అతను.

మా ఫ్యాక్టరీకి ఏడాదికోసారి ఒక వ్యాన్ వస్తుంది. మాత్రలు అచ్చొత్తే సెక్షన్‌లో పనిచేసేవాళ్ళందరం వరుసగా వెళ్ళి అందులో కూర్చోవాలి. ఆ మెషిన్ల మోతకి మా చెవులు ఎంత పోయాయో, ఇంకా ఎంత మిగిలాయో చూసి కాగితం మీద రాసుకుని, కింద మా సంతకం పెట్టించుకుంటారు. వ్యాన్ లోపల బీరువా అంత గది. తలుపేస్తే ఇంక బయట ఏమీ ఉండదు. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. సన్నగా కూత వినపడితే నొక్కాలి. వినపడకపోతే ఊరుకోవాలి. నొక్కడం ఎవరైనా నొక్కుతారు, ఊరుకోవడమే నాకు చేతకాలేదు.

రెండోసారి కూడా కూర్చోబెట్టాడు. అయ్యాక కాగితం చూపించి, "మీ చెవులు చాలా బాగున్నాయి మేడమ్. ఈ సెక్షన్‌లో ఇంత బాగున్నవాళ్ళు లేరు. కానీ నేనేమీ పంపనప్పుడు పదకొండుసార్లు నొక్కారు. ఏం వినపడింది మీకు?" అని అడిగాడు.

నా పేరు వినపడింది. ఆ మెత్తటి గోడల మధ్య, ఎక్కడో రెండు గదుల అవతల నుంచి ఎవరో "ఇంద్రా" అన్నారు. ఒకసారి కాదు, పదకొండుసార్లు. ఆ మాట ముక్కూమొహం తెలియని మనిషికి ఎలా చెప్తాను? చెయ్యి జారిందన్నాను. అతను నమ్మలేదు. కాగితం చివర ఏదో రాశాడు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నెల తర్వాత మళ్ళీ పరీక్ష పెడతారట. అందులోనూ ఇలాగే వస్తే మెషిన్ దగ్గర ఉంచరట. ఉంచకపోవడానికి వాళ్ళ దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. అంతకు పదిహేను రోజుల ముందు, మెషిన్ నడుస్తుండగా ఎవరో పిలిచినట్టనిపించి నేను వెనక్కి తిరిగి నాలుగు అడుగులు నడిచాను. ట్రే నిండి మాత్రలు నేలంతా దొర్లాయి. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి, "ఎవరు పిలిచారు మేడమ్ మిమ్మల్ని?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని ఉన్నారు. నాకు మాత్రం ప్లగ్గులు నిలవవు. కంపెనీ ఇచ్చేవి ఒకటే సైజు, నా చెవుల్లోంచి జారి పడిపోతాయి. చిన్నవి కావాలని మూడేళ్ళుగా రాస్తున్నాను, స్టాకు లేదంటారు.

బస్సులో నా పక్కన కూర్చునే సునందకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. సునందది జిన్నారం పక్కన పల్లె. ప్యాకింగ్‌లో చేస్తుంది, నాకంటే పదేళ్ళు చిన్నది.

"గదా అక్కా, నాకు గిట్లనే అయితది" అంది వెంటనే. "తానం చేస్తుంటే మా అత్త పిలిచినట్టే అనిపిస్తది. సబ్బు మొకంతోనే 'ఆఁ' అంట. బయటికొచ్చి సూస్తే ఆమె పొద్దుగాలనే చేనుకాడికి పోయి ఉంటది. ఇంట్ల పురుగుండది."

ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం. ఆ ఆగడం నాకు నచ్చలేదు.

ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. టిఫిన్ల దగ్గర నోరు జారాను. మా ఆయన హరినాథ్ చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి మొత్తం విన్నాడు. "అయితే చెవులు బాగున్నాయి, రెండు చెవుల మధ్య ఉన్నదే బాలేదన్నమాట" అని నవ్వి మళ్ళీ పెట్టేసుకున్నాడు. మా అత్తయ్య పద్మావతి గారు లోపలి గదిలోంచే, "నేను నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకదు. ఎవరూ పిలవకుండానే పలుకుతోందిట, చోద్యం కాకపోతే" అన్నారు. పదో తరగతి పుస్తకాల్లో తలదూర్చిన మా శ్రీదివ్య తలెత్తలేదు. అట్టు మాడిపోతుంటే నేను వంటింట్లోకి పోయాను.

మా మామగారు వీర్రాజు గారు గోదావరి జిల్లా నుంచి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యే ముందు బీరంగూడలో ఈ ఫ్లాట్ కొన్నారు. హరినాథ్ పాశమైలారంలో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. అతనికి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదొకటే పిచ్చి, చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు. ఐదు జతలున్నాయి. ఒకటి గొంతులకట, ఒకటి తబలాకట. వాటికి తోడు శబ్దం పెంచే ఆంప్‌లు, అగ్గిపెట్టెంత ఒకటి, చూపుడువేలంత ఒకటి. ఫోన్ ఛార్జింగ్ పిన్ను దగ్గర గుచ్చితే పాట ప్రాణం లేచొస్తుందంటాడు. వాటి గురించి దేశదేశాల వాళ్ళతో ఫోన్లో చర్చలు. "నీకు తేడా తెలియదులే" అని నాకెప్పుడూ వినిపించలేదు. పెళ్ళైన పదహారేళ్ళలో నా గురించి అతనికున్న అభిప్రాయాలన్నీ ఆ ఒక్క మాటలో సర్దేయొచ్చు.

ఆ ఇయర్‌ఫోన్లు అతనికిచ్చేది పాట ఒక్కటే కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అవి చెవిలో ఉంటే ఆ మనిషిని ఎవరూ పిలవరు. గ్యాస్ వాడు బెల్లు కొడితే అత్తయ్య కొడుకు పక్కనే కూర్చుని నన్ను పిలుస్తారు. "వాడు చెవిలో పెట్టుకున్నాడు కదమ్మా" అంటారు, అదేదో జపంలో ఉన్నట్టు. నేనొకసారి, ఒకే ఒక్కసారి, చపాతీలు ఒత్తుతూ ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాలు పొంగాయి. స్టవ్ తుడవడం పెద్ద పని కాదు. కానీ ఆ పూటంతా మాటలు పడ్డాను. "ఇంట్లో ఆడమనిషే చెవులు మూసుక్కూర్చుంటే ఇల్లేమైపోవాలి" అని అత్తయ్య. "పాటలు కావాలంటే స్పీకర్లో పెడతాను కదా, అందరం వింటాం" అని హరినాథ్. అందరం వినడానికి కాదు నాకు కావలసింది. ఆ మాట అప్పుడు పైకి రాలేదు, ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు భయం పట్టుకుంది. స్నానాల గదిలో, కూరగాయల బండి దగ్గర, బస్సు కిటికీ పక్కన, ఎక్కడున్నా ఆ పిలుపు. తల తిప్పితే ఎవరూ ఉండరు. మా పెద్దమ్మ ఒకావిడ ముసలితనంలో గోడలతో మాట్లాడేది. నాకింకా నలభై రాలేదు. ఉద్యోగం పోతుందన్నది ఒక భయం, మతిపోతోందేమో అన్నది రెండోది. రెండింట్లో ఏది పెద్దదో తేల్చుకోలేక వారం రోజులు సరిగా తినలేదు. చివరికి తేల్చుకోవడానికి ఒకటే దారి తోచింది. ఒక ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి ఫ్రిజ్ మీద పూలబుట్ట వెనక పెట్టేస్తాను. నన్ను నిజంగా ఎన్నిసార్లు పిలిచారో, నేనెన్నిసార్లు పలికానో లెక్క తీస్తాను. రెండూ సరిపోతే నాకేం లేదు. సరిపోకపోతే డాక్టర్ దగ్గరికి నేనే పోతాను.

ముందు పది నిమిషాలు రికార్డు చేసి చూశాను. ఫోన్ స్పీకర్లో అంతా గోల. ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లు చెవి బయటే వేలాడేవి, బస్సులో విందామంటే మోతంతా లోపలికొచ్చేస్తుంది. హరినాథ్‌ని అడిగాను. ఎందుకని అడగలేదు, సంబరపడిపోయాడు. పావుగంట పాఠం చెప్పి తన పాత జత, అగ్గిపెట్టెంత ఆంప్ ఇచ్చాడు. వాటి రబ్బరు తొడుగులు నా చెవిలో పట్టలేదు. నొక్కితే నొప్పి, వదిలితే ఊడిపోతాయి. "మీడియం అందరికీ సరిపోతుందే, నువ్వే సరిగ్గా పెట్టుకోవట్లేదు" అన్నాడు. చిన్న తొడుగులు డబ్బాలో వచ్చాయట, పనికిరావని పారేశాడట. చేత్తో అదిమిపెట్టి విన్నాను. ఆంప్‌లోంచి ఎడతెగకుండా స్‌స్‌స్ మని ఒక మోత. "అది పాటలో కలిసిపోతుంది, ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. పాటలో కలిసిపోవచ్చు, నేను వినబోయేది పాట కాదు.

అందుకని నా జత నేనే కొనుక్కోవాలని శనివారం బస్సు దిగి బీరంగూడ కమాన్ దగ్గర కామరాజు షాపుకి వెళ్ళాను. కామరాజు హరినాథ్‌కి బాగా తెలిసినవాడు, ఇలాంటి సామానంతా అతని దగ్గరే దొరుకుతుంది.

"సార్ కోసమా మేడమ్?" అన్నాడు.

"నాకే."

"ఓహో, పాప ఆన్‌లైన్ క్లాసులకా?"

"నాకేనండీ" అన్నాను మళ్ళీ. గులాబీ రంగుది ఒకటి తీసి, లేడీస్ మోడల్ అని అద్దం మీద పెట్టాడు. దానికీ మీడియం తొడుగులే. అన్నిటికంటే చిన్న తొడుగులు తీయమన్నాను. సొరుగులన్నీ వెతికి, అట్టడుగున మెంతిగింజలంత వాటిని దులిపి ఇచ్చాడు. పెట్టుకున్నాను. చెవిలో ఏదో తలుపు మూసుకున్నట్టు మెల్లగా సర్దుకుంది. కామరాజు పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, మోత లేదు. ముప్పైతొమ్మిదేళ్ళలో నాకు సరిపోయిన సైజుది ఒకటి నా ఒంటిమీదికి రావడం ఎంత బాగుందో చెప్తే నవ్వుతారు. నేనక్కడే నిలబడి కళ్ళు మూసుకున్నాను.

కామరాజు చెయ్యి ఊపితే ఒకటి తీశాను. "ఏం పాట పెట్టమంటారు మేడమ్?"

"పాట వద్దు. ఏమీ లేనిచోట ఎలా ఉంటుందో వినాలి."

అతను నా మొహంలోకి చూశాడు. నేను నా ఫోన్లో తెల్లవారుజామున ఎవరూ లేవకముందు వంటింట్లో తీసిన రెండు నిమిషాల రికార్డు పెట్టాను. నాలుగు ఆంప్‌లు ఒకటి తర్వాత ఒకటి గుచ్చి చూశాను. మొదటిదానిలో స్‌స్‌స్. రెండోదానిలో దూరంగా గుయ్యిమని. మూడోది వేడెక్కింది. నాలుగోది బెండకాయలో సగముంది. అందులో ఏ మోతా లేదు. గడియారం, ఫ్రిజ్, పంపు చివర నీటిబొట్టు, ఆ మూడే. శబ్దం పెంచినా వాటి వెనక అంతా నల్లగా ఉంది. "అదే ఇవ్వండి" అన్నాను. "సార్‌ని ఒకసారి కనుక్కుంటారా?" అన్నాడు. డబ్బులిచ్చి వచ్చేశాను.

ఆదివారం నాలుగు గంటలు రికార్డు చేశాను. సోమవారం పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డ్యూటీల రోస్టర్ కాగితం వెనక రెండు గళ్ళు గీసి, ఒకదాని మీద పిలుపు అని, రెండోదాని మీద జవాబు అని రాసి మొదలుపెట్టాను. ముందే సునందకి చెప్పాను, లెక్క తేలేదాకా మాట్లాడించొద్దని.

ఆ గంటసేపూ నేనెక్కడున్నానో నాకే సరిగా తెలియలేదు. కళ్ళ ముందు పటాన్‌చెరు, కంటైనర్లు, పొగగొట్టాలు. చెవుల్లో మా ఇల్లు. పోపులో ఆవాలు, అత్తయ్య దగ్గు, చీపురు. కుక్కర్ మూడో కూత వేయగానే నా చెయ్యి లేచి ముందు సీటు వెనక లేని స్టవ్‌ని తగ్గించబోయింది. సునంద చూసి మొహం తిప్పుకుంది. హరినాథ్ ఆ నాలుగు గంటల్లో మూడే మాటలన్నాడు. మూడుసార్లూ "కాఫీ" అనే. చెవిలో పెట్టుకున్నవాళ్ళు ఎంత గట్టిగా అంటున్నారో వాళ్ళకి తెలియదు. పక్కింటికి వినపడేలా అరిచాడు.

ఆపి ఆపి, వెనక్కి జరిపి, మూడు రోజులు రాకపోకల్లో వింటే, బుధవారం సాయంత్రం సగం దారిలో తేలింది లెక్క. పిలుపులు ముప్పైనాలుగు. జవాబులు నలభై ఒకటి.

ఏడు ఎక్కువ. ఆ ఏడు చోట్లకీ మళ్ళీ వెళ్ళి, ఆంప్ శబ్దం పూర్తిగా పెంచి, ముందు అర నిమిషం నుంచి విన్నాను. గడియారం. ఫ్రిజ్. నీటిబొట్టు. గిన్నె మీద గిన్నె. ఎవరూ పిలవలేదు. ఉన్నట్టుండి నా గొంతు, "ఆఁ, వస్తున్నా." తర్వాత నా అడుగులు హాల్లోకి పోతాయి, ఒక్క క్షణం ఆగుతాయి, వెనక్కి వస్తాయి. ఆ ఆగిన క్షణంలో నేనేం చేశానో రికార్డులో లేదు. గుమ్మంలో నిలబడి ఖాళీ హాలుని చూసుంటాను. ఆరుసార్లు అంతే.

ఏడోది నా గొంతు కాదు. కొంచెం వణికే గొంతు, నిద్రలోంచి. "ఆఁ... వస్తున్నానండీ." అత్తయ్య. టిఫిన్ తిన్నాక కుర్చీలో కునుకు తీస్తారు. మామగారు ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు, మంచం ఊచ మీద గ్లాసుతో కొట్టేవారు. అత్తయ్య ఎక్కడున్నా ఆ టంగుకి పరిగెత్తేవారు. ఆయన పోయి ఆరేళ్ళు. రికార్డులో ఏ టంగూ లేదు. చెప్పుల కోసం కాలితో నేల తడుముకుంటున్న చప్పుడు మాత్రం ఉంది. ఆ వ్యాన్‌లో ఈవిణ్ణి కూర్చోబెడితే ఎన్నిసార్లు నొక్కేవారో. నాలుగు మాటలనే మనిషి మీద నాకున్న కోపం అంతా అలాగే ఉంది, అయినా ఆ చెప్పుల చప్పుడు ఇంకోసారి వినలేకపోయాను.

బస్సు ఇస్నాపూర్ దాటింది. ఏడూ అయిపోయాయి కాబట్టి ఇంక ఆపేయొచ్చు. లెక్క ఎక్కడైనా తప్పానేమో అని చివరి గంట మళ్ళీ పెట్టాను.

బకెట్ హ్యాండిల్ చప్పుడు. అది నేనే, ఉతికిన బట్టలెత్తుకుంటున్నాను. వీధి తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మెట్ల మీద నా చెప్పులు పైకి పోయాయి. నాకు బాగా గుర్తుంది. డాబా మీద దుప్పటి ఆరేస్తుంటే మూడో అంతస్తు కౌసల్యమ్మ గారు వచ్చి, "గాలి ఇటు మర్లిందమ్మా, జెర ఆగు. ఇప్పుడే ఆరేస్తే బట్టలన్నీ మందుల వాసన పట్టుకుంటయ్" అన్నారు. గాలి మళ్ళేదాకా ఆవిడతో మాట్లాడుతూ అక్కడే నిలబడ్డాను.

రికార్డులో గడియారం నడుస్తోంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"ఇంద్రా!" అత్తయ్య పిలిచారు.

"ఆఁ, వస్తున్నా" అన్నాను నేను.

కాగితం చూశాను. ఆ పిలుపుకి గీత ఉంది. ఆ జవాబుకీ గీత ఉంది. పొద్దున నేనే గీశాను, రెండూ సరిపోయాయని. నేను ఇంట్లో లేనని తట్టలేదు.

వెనక్కి జరిపాను. "ఇంద్రా!" "ఆఁ, వస్తున్నా." నా గొంతే. 'ఆఁ' దగ్గర అదే విసుగు, అది బయటపడకూడదని వెంటనే తగ్గించుకోవడం, చివర 'న్నా' దగ్గర ఊపిరి అయిపోయినట్టు కిందికి జారడం. పదహారేళ్ళుగా నేనలాగే అంటాను. నేను డాబా మీద ఉన్నాను. కింద ఇంట్లో నా గొంతు పలికింది. మంచినీళ్ళ బిందె మూత తీసిన చప్పుడు, గ్లాసు ముంచిన చప్పుడు. అడుగులు. అత్తయ్య నీళ్ళు గుటకలేసిన చప్పుడు కూడా ఉంది. "ఉప్మాలో ఉప్పెక్కువైంది, దాహం" అన్నారు. జవాబు లేదు. వీధి తలుపు అప్పటికింకా తెరుచుకోలేదు. అది తెరుచుకున్నది తొమ్మిది నిమిషాల తర్వాత.

బస్సు కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. చచ్చిపోయాక తిరిగే మనుషుల గురించి విన్నాను గానీ, బతికుండగానే ఇంట్లో నాలో కొంత మిగిలిపోయి గ్లాసులందిస్తూ తిరుగుతోందా? నేను పూర్తిగా ఫ్యాక్టరీకి వచ్చిన రోజంటూ ఒకటైనా ఉందా? సునంద నా మోచెయ్యి పట్టుకుని ఏదో అంటోంది. చెవుల్లో అవి ఉన్నాయి, వినపడలేదు.

ఆంప్ శబ్దం చివరిదాకా పెంచి మళ్ళీ పెట్టాను. ఈసారి పిలుపుకి ముందు, జవాబుకి తర్వాత, సందుల్లో విన్నాను. పిలుపుకి ముందు ఏదో గీరుతున్న చప్పుడు, కాగితం మీద పెన్ను. పిలుపు రాగానే ఆగింది. "ఆఁ, వస్తున్నా." కుర్చీ జరిగింది. బిందె, గ్లాసు, అడుగులు. తర్వాత కుర్చీ మళ్ళీ దగ్గరికి జరిగింది. చిన్న నిట్టూర్పు. తర్వాత టప్పుమని ఒక రేకు డబ్బా మూత. ఆ మూత నాకు తెలుసు. జూన్‌లో నేనే కొన్నాను, బడి తెరిచే ముందు రోజు. కంపాస్ బాక్స్.

శ్రీదివ్య.

నా పద్నాలుగేళ్ళ పిల్ల.

దయ్యమైతే బాగుండును అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

కమాన్ దగ్గర దిగి ఇంటిదాకా ఎలా నడిచానో తెలియదు. తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీశాను. హాల్లో హరినాథ్ కళ్ళు మూసుకుని, చెవుల్లో రెండూ పెట్టుకుని, కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాడు. బల్ల దగ్గర శ్రీదివ్య నాకు వీపు పెట్టి లెక్కలు చేసుకుంటోంది. నేను వచ్చినట్టు ఎవరికీ తెలియదు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

లోపలి గదిలోంచి అత్తయ్య, "ఇంద్రా!"

"ఆఁ, వస్తున్నా" అంది శ్రీదివ్య.

తల ఎత్తలేదు. పెన్ను ఆపలేదు, గీత పూర్తి చేసి లేచింది. అదే విసుగు, అదే తగ్గించుకోవడం, అదే ఊపిరి. నేను ముందుకెళ్ళి భుజం పట్టుకున్నాను. ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"ఇప్పుడేమన్నావే?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే. నానమ్మ పిలిస్తే."

"నేనేమీ అనలేదే" అంది. అబద్ధం కాదు. అబద్ధమాడేటప్పుడు అది పెదవి కొరుక్కుంటుంది. నిలబడి ఎందుకు లేచిందో తనకే తెలియనట్టు చుట్టూ చూసింది. "నానమ్మ పిలిచిందా? నువ్వు పలికినట్టున్నావు కదా" అంది.

దాన్ని కూర్చోబెట్టాను. మెడలో వేలాడుతున్న నా ఇయర్‌ఫోన్లు తీసి, చున్నీ కొసతో తుడిచి, జుట్టు వెనక్కి తోసి, ఒక్కొక్క చెవిలో నెమ్మదిగా పెట్టాను. మెంతిగింజలంత తొడుగులు. దానికి సరిగ్గా సరిపోయాయి.

"పాట పెట్టవా?" అంది గట్టిగా, వినపడనివాళ్ళు అన్నట్టు.

వద్దని తలూపాను. పుస్తకం చూపించాను. కాసేపు విచిత్రంగా చూసింది నా వంక. తర్వాత దాని భుజాలు మెల్లగా కిందికి దిగాయి. అవి అంత పైకి బిగించి ఉన్నాయని నేనెప్పుడూ చూడలేదు. పెన్ను తీసుకుంది.

"ఇంద్రా!"

శ్రీదివ్య కదల్లేదు. నా నోరు తెరుచుకుంది, 'ఆఁ' గొంతు దాకా వచ్చేసింది. చేత్తో నోరు మూసుకున్నాను. ఇల్లంతా ఆ జవాబు కోసం ఆగినట్టుంది. పదహారేళ్ళలో ఆ పిలుపు తర్వాత ఏముంటుందో నేను వినలేదు. గడియారం ఉంది. ఫ్రిజ్ ఉంది. పంపు చివర నీటిబొట్టు ఉంది.

"ఇంద్రా!" ఈసారి గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువ.

హరినాథ్ దగ్గరికి వెళ్ళి అతని కుడిచెవిలోది లాగేశాను. కళ్ళు తెరిచాడు. "ఏంటే, మంచి చోట..." అన్నాడు.

"అత్తయ్య పిలుస్తున్నారు."

"పిలిస్తే వెళ్ళు. నిన్నే కదా."

"నాకు వినపడలేదు" అన్నాను.

నా మొహం చూశాడు. బల్ల దగ్గర కూతుర్ని, దాని చెవుల్లోవి చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసులెక్కడుంటాయో తెలియక రెండు తలుపులు తీసి వేశాడు. నేను చెప్పలేదు. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నాను.

లోపల్నుంచి అత్తయ్య మళ్ళీ అడిగారు. "ఇంద్రా, వచ్చావా?"

"ఇంకా రాలేదత్తయ్యా" అన్నాను.